ఉపాధ్యాయుని ఒడంబడిక
(కళాశాలాధ్యాపకుల సభయందు చేసిన యుపన్యాసము)



మీ సంఘమువారు నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పుమనినపుడు నేను కొంత వెనుదీసితిని. ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయుడు సాధారణముగ రెండు మాటలే చెప్పును. తనకాలపు విద్యార్థులు బుద్ధిమంతులనుట యొకటి. నేటి జీతములు ఘనమైనవనుట రెండవది. ఆ రెంటిని విడిచి, జీతమును నిర్ణయించు పద్ధతిని గూర్చి మాటలాడవలెనని వచ్చితిని. విద్యావంతుల సభలో జీతము మాట యెత్తుట మర్యాద కాదని కొందరి యభిప్రాయము. ఇన్నాళ్లు ఆ మర్యాద వలన లాభపడినవారెవరో విచారింపవలసిన కాలము వచ్చినది.

ముందుగ దూరదేశపు వృత్తాంత మొకటి చెప్పెదను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు విశ్వవిద్యాలయమునకు రట్గర్స్ అని పేరు. ఆ దేశము స్వాతంత్ర్యము ప్రకటించుకొనుటకు పదియేండ్లు పూర్వమే, అనగా 1766లో అది వెలసినది. దాని చుట్టుపట్ల ఎడిసన్ మొదలగు ఊళ్లలో మన తెలుగు కుటుంబములు పెక్కు కాపురమున్నవి. 257 ఏండ్ల చరిత్రలో అచటి అధ్యాపకులు ఒక్కమారును సమ్మె చేసి యెరుగరు. అట్టిచోట 2023 ఏప్రిల్ 10, సోమవారమునాడు సుమారు 9,000 మంది పాఠములు మాని బయటికి వచ్చి నిలిచిరి.

ఎందులకు వచ్చిరి? అది తెలియవలెనన్న అచటి మెట్లను ముందు తెలిసికొనవలెను. బోధించువారందరు నొక తరగతివారు కారు. స్థిరోద్యోగము గల ఆచార్యులు పైమెట్టువారు. వారిని తొలగింపవలెనన్న బలమైన కారణము చూపవలెను. గడువుపెట్టి నియమింపబడి, గడువు తీరినపుడెల్ల మరల పిలుపునకై యెదురుచూచువారు రెండవ మెట్టువారు. పరిశోధన చేయుచునే తరగతులు నడపు విద్యార్థులు మరియొక మెట్టువారు. అందరికంటె అడుగున పార్టుటైము లెక్చరర్లు. వీరికి నెలజీతము లేదు. చెప్పిన పాఠ్యభాగమునకు ఇంత యని లెక్క. ఒక సెమిస్టరు ముగిసిన వెనుక మరుసటి సెమిస్టరున పని యుండునో లేదో తెలియదు. తరగతిలో కూర్చున్న పిల్లవానికి మాత్రము ఈ మెట్లేవియు కనబడవు. నల్లబల్ల ముందు నిలిచి పాఠము చెప్పువాడెవడైనను అతనికి గురువే.

పాత ఒడంబడికల గడువు 2022 జూన్ 30తో తీరినది. ఆ పిమ్మట తొమ్మిది నెలలకు పైగ సంప్రదింపులు సాగినను కొలిక్కి రాలేదు. అచట సంఘములు మూడు. స్థిరాచార్యులు, పరిశోధక విద్యార్థులు మొదలగువారిదొకటి, పార్టుటైమువారిదొకటి, వైద్యశాస్త్ర విభాగముల వారిదొకటి. యజమానునకు ఇంతకంటె అనుకూలమైన యేర్పాటు లేదు. పైమెట్టువారికి నాలుగు రూకలు ముందుగ విదిల్చినచో క్రిందివారి మొర గోడదాటి వినబడదు. లోకమున నెచ్చటనైనను జరుగునదే యిది. రట్గర్స్‌లో అది జరుగలేదు. స్థిరాచార్యులు తమ పనికి భయములేకున్నను, పార్టుటైమువారికి సమానమైన పనికి సమానమైన వేతనము కావలెనని పట్టుబట్టిరి. విశ్వవిద్యాలయపు ఇండ్లలోనుండు విద్యార్థులకు అద్దె పెంచరాదని గూడ తమ కోర్కెలలో చేర్చిరి. 2023 మార్చిలో జరిగిన వోటులో రెండు పెద్ద సంఘములయందు వోటు వేసినవారిలో నూటికి 94 మంది సమ్మెకు సమ్మతించిరి. మూడు సంఘములును ఒక్కనాడే పని మానెను.

అప్పటి అధ్యక్షుడు జొనాథన్ హాలోవే స్వయముగ చరిత్రాచార్యుడు. ప్రభుత్వసంస్థలో సమ్మె చట్టవిరుద్ధమనియు, అవసరమైనచో న్యాయస్థానమున నిషేధాజ్ఞ తెచ్చెదమనియు ఆయన ముందుగనే హెచ్చరించెను. గవర్నరు ఫిల్ మర్ఫీ, కోర్టునకు పోవుట ఆపుమని కోరి, ఉభయపక్షములను రాజధాని ట్రెంటన్‌కు పిలిపించి కూర్చుండబెట్టెను. తొమ్మిది నెలలలో తెగని బేరము అయిదు దినములలో దారికి వచ్చెను. ఏప్రిల్ 15 తెల్లవారుసరికి ముఖ్యమైన ఆర్థిక విషయములలో ఒప్పందము కుదిరినది, సమ్మె నిలిపివేయబడినది. స్థిరాధ్యాపకులకు 2025 జూలై నాటికి కనీసము నూటికి 14 పాళ్ల పెరుగుదల. పార్టుటైమువారి కనీసపు రేటునకు నాలుగేండ్ల ఒడంబడికలో నూటికి 43.8, బోధించు పరిశోధక విద్యార్థులకు క్రమక్రమముగ ఏటికి 40,000 డాలర్లు. మే నెలలో సభ్యులు వోటు వేసి దీనిని మిక్కిలి యధికసంఖ్యతో ఆమోదించిరి.

అంకెలను మరియొకమారు వినుడు. పైమెట్టువారికి 14, అడుగుమెట్టువారికి 43.8. బలవంతుడు తన బలమును బలహీనునికై వినియోగించినచో ఒడంబడిక యెట్లుండునో ఈ రెండంకెలే చెప్పుచున్నవి. కోరినదంతయు దక్కినదని నేననను. సమ్మె తొందరపడి ఆపిరని, ఇంకను రాబట్టవలసినది మిగిలెనని ఆ సంఘములలోనే వాదించినవారుండిరి. ఆ వాదము న్యాయమైనదే కావచ్చును. అయినను దిశ తప్పలేదు.

ఇక మనలో వినవచ్చు ఆక్షేపణలు. విద్య అమ్ముడు సరకు కాదు, గురువు కూలివాడు కాడు, బేరమేమిటి యని మొదటిది. వినుటకు సొంపైన మాట. దాని ఫలమేమో చూడుడు. 1978లో మన సుప్రీంకోర్టు బెంగుళూరు నీటిసరఫరా వ్యాజ్యమున, విద్యాసంస్థ కూడ ‘పరిశ్రమ’ యను నిర్వచనములో చేరునని తీర్పు చెప్పెను. 1988లో సుందరాంబాళ్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము, బోధన ఉదాత్తమైన వృత్తి కావున ఉపాధ్యాయుడు 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము చెప్పిన ‘పనివాడు’ కాడని తేల్చెను. పరిశ్రమ యున్నది, బడిలోని గుమాస్తా పనివాడు, పాఠము చెప్పువాడు మాత్రము కాడు! అమెరికాలో 1980లో అచటి సుప్రీంకోర్టు యెషీవా విశ్వవిద్యాలయపు వ్యాజ్యమున అయిదుగురికి నలుగురు భేదింపగా తీర్పుచెప్పుచు, విద్యావిషయములను నిర్ణయించువారు గావున అచటి అధ్యాపకులు నిర్వాహకులతో సమానులని, ప్రైవేటు సంస్థలకు వర్తించు కార్మికచట్టపు రక్ష వారికి లేదని చెప్పెను. అచట యజమానులనిరి, ఇచట మహనీయులనిరి. గౌరవము రెండుచోట్లను దక్కినది. బేరమాడు హక్కు రెండుచోట్లను పోయినది.

విద్యార్థులకు నష్టము కదా యని రెండవ ఆక్షేపణ. దీనిని నేను తేలికగ త్రోసివేయను. 1966 జనవరిలో న్యూయార్కునందలి సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయమున, 31 మంది అధ్యాపకులను తొలగించినందుకు మొదలైన సమ్మె 1967 జూన్ వరకు సాగెను. అంతకాలము వీధిలో నిలుచుటవలన ఎవరి చదువును, ఎవరి బ్రదుకును బాగుపడదు. సమ్మె చేయుడని చెప్పుటకు నేను రాలేదు. సమ్మె అవసరము లేకుండ ఒక బల్లకు అటునిటు కూర్చుండి మాటలాడు యేర్పాటు ఉండవలెనని చెప్పుటకే వచ్చితిని. మరునెల పని యుండునో యుండదో యను చింతతో, మధ్యాహ్నము బస్సెక్కి వేరొక కళాశాలకు పరుగెత్తు ఉపాధ్యాయునివలన విద్యార్థికి నష్టము లేదా? ఆ నష్టము ఏటేట, దినదినము జరుగుచున్నది. కేక లేదు కావున పత్రికలకెక్కదు.

మనయింటి సంగతికి వచ్చెదను. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926 నాటి చట్టముతో పుట్టినది. భారతదేశపు కార్మికసంఘముల చట్టమును ఆ యేటిదే. నూరేండ్లు నడచినను ఆ రెండును ఒకదాని ముఖము నొకటి సరిగా చూచుకొనలేదు. మన జీతములు బేరమున తేలునవి కావు. ఢిల్లీలో సంఘము కూర్చుండును, యూ.జీ.సీ. శ్రేణులు ప్రకటించును, రాష్ట్రము తన తీరికను బట్టి అమలు జరుపును. ఈ ఫలము స్థిరోద్యోగులది. కాంట్రాక్టువారికి, అతిథి అధ్యాపకులకు ఆ పంక్తిలో విస్తరి లేదు. 2019లో యూ.జీ.సీ. అతిథి అధ్యాపకునకు ఒక్కొక్క పాఠమునకు 1,500 రూపాయలు, నెలకు 50,000కు మించకుండ ఇయ్యవచ్చునని నిర్ణయించెను. ఆ రేటును చేత పుచ్చుకొన్నవారు ఈ సభలో ఎందరని నేను మిమ్ము చేతులెత్తుమని యడుగను. చేయి యెత్తుటకు జంకువారు ఇచట కూర్చున్నారని నాకు తెలియును. వారి జంకే నా యుపన్యాసమునకు విషయము.

నా సంగతి యొకటి ఒప్పుకొని ముగించెదను. యౌవనమున నేనొక ప్రైవేటు కళాశాలలో చేరితిని. నెల మొదటి తేదీన పుస్తకములో ఒక మొత్తమునకు సంతకము. చేతికి వచ్చునది అందులో సగము. గుమాస్తా తలయెత్తక కలము అందించెడివాడు; నేనును తలయెత్తక సంతకము చేసెడివాడను. మా విభాగపు పెద్దకు ఆ సంగతి తెలియును, ఆయన మంచివాడు, కాఫీ త్రాగించి భుజము తట్టెడివాడు, నోరు విప్పలేదు. ఆయనను చాలకాలము తిట్టుకొంటిని. తరువాత నాకు వేరొకచోట స్థిరోద్యోగము వచ్చినది. నా ప్రక్క బల్లకు తాత్కాలికులు వచ్చిరి, పోయిరి. ముప్పది సంవత్సరములలో నేను వారికెందరికో కాఫీ త్రాగించితిని. అంతకంటె నేనును చేసినది లేదు. జీతముల సవరణకై సంఘము పిలిచినపుడెల్ల ముందువరుసలో నిలిచితిని. వారి మాట ఆ వినతిపత్రములో ఉన్నదా యని ఒక్కమారును తిరగవేసి చూడలేదు.

కావున స్థిరోద్యోగులైన మీకు నా మనవి మూడు మాటలు. మీ సంఘమున కాంట్రాక్టువారికి, అతిథులకు సభ్యత్వముతోబాటు వోటు కూడ ఇయ్యుడు. అధికారులతో జరుపు సంప్రదింపులను గదిలో మూయక సభ్యులందరికి తెలియనిండు. మీరు పంపు ప్రతి వినతిపత్రమునందును వారి పద్దును మొదటివరుసలో వ్రాయుడు; దానికి సమాధానము రానిదే మీ పద్దునకు ఒప్పుకొనకుడు. మూడవది కష్టము. చేతికి వచ్చినదానిని కొంతకాలము ఆపుకొనవలసియుండును. రట్గర్స్‌లో పైమెట్టువారు తమ బలమును క్రిందివారితో జతచేసిరి గనుకనే ఆ 43.8 వచ్చినది.

కాంట్రాక్టువారైన మీకు నేను చెప్పదగినది తక్కువ, అడుగదగినది క్షమాపణ. ఒక్కటి మాత్రము చెప్పెదను. నియామకపు కాగితము చేతికి రానిదే సంతకము చేయకుడని ఉపదేశించుట నావంటివానికి సులభము. ఇంట పొయ్యి వెలుగవలసినవానికి సులభము కాదు. ఒంటరిగ ఆ పని చేయకుడు. పదిమంది కలిసి అడుగుడు. ఆ పదిమందిలో స్థిరోద్యోగి యొకడు ముందు నిలుచునట్లు చూచుకొనుడు. అట్టివాడు దొరకనిచో నాకు కబురుపెట్టుడు. నాకిపుడు పోవు ఉద్యోగము లేదు, వత్తును.