తాడు కట్టని లోడు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు, నేను డి.ఎ. బకాయిల గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడతాననుకుని ఉంటారు. ఆ సంగతులు నాకంటె బాగా చెప్పగలవారు ఈ హాలులో చాలామంది ఉన్నారు. నేను వేరే విషయం ఎంచుకున్నాను. మనలో చాలామందిమి మేడ్చల్, శామీర్‌పేట, కండ్లకోయ, తూంకుంట వైపు స్థిరపడినవాళ్లం. చవకగా వస్తున్న రోజుల్లో ప్లాట్లు కొనుక్కుని, గ్రాట్యుటీ డబ్బుతో ఇళ్లు కట్టుకున్నాం. పొద్దున పాలకు, సాయంత్రం గుడికి, నెలకొకసారి బ్యాంకుకు రోడ్డు దాటక తప్పదు. ఆ రోడ్డు మీద మన పక్కనుంచి పోయే లారీలో ఏముంది, దాన్ని ఎట్లా కట్టారు అన్నదే ఈనాటి నా విషయం.

మన ప్రాంతం ఎట్లాంటి చోట ఉందో ఒకసారి ఆలోచించండి. మేడ్చల్ మీదుగా పోయేది 44వ నెంబరు జాతీయ రహదారి. మనం ఉద్యోగాలు చేసే రోజుల్లో దానిని 7వ నెంబరు అనేవాళ్లం. నాగపూర్ వైపు నుంచి వచ్చే సరుకంతా ఈ దారినే దిగుతుంది. శామీర్‌పేట మీదుగా పోయేది రాజీవ్ రహదారి. సిద్దిపేట, కరీంనగర్, రామగుండం వైపు రాకపోకలు దాని మీదనే. ఈ రెండింటినీ కలుపుతూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. మేడ్చల్ దగ్గర ఒక దిగుడు, శామీర్‌పేట దగ్గర ఒక దిగుడు. ఔటర్ పైకి స్కూటర్లను రానివ్వరు గనుక మనవంటి వాళ్లమంతా పక్కనున్న సర్వీసు రోడ్డు మీదనే పోతాం. సిమెంటు, ఇనుప సలాకలు, గ్రానైటు దిమ్మెలు, కంకర, ఇసుక, వరిగడ్డి, అన్నీ మన పక్కనుంచే పోతాయి.

ప్రమాదమనగానే మనకు తోచేవి రెండే: అతివేగం, తాగి నడపడం. అవి నిజమే. కాని మూడోది ఒకటుంది. వాహనం ఎవరినీ గుద్దకపోయినా, దాని మీది సరుకు మనిషిని చంపగలదు. 2022 సంవత్సరం చివరి రోజున మహబూబాబాద్ జిల్లా కురవి మండలంలో లారీ మీది గ్రానైటు రాళ్లు జారి పక్కనున్న ఆటో మీద పడి ముగ్గురు పోయారు. 2025 జనవరి 26న, మనమంతా జెండా వందనం చేసుకున్న రోజున, వరంగల్ దగ్గర మామునూరులో ఇనుము లోడుతో పోతున్న లారీ ఆటోల మీద పడింది. పొట్ట చేతబట్టుకుని వచ్చిన వలస కూలీలు ఆ ఇనుము కింద ప్రాణాలు విడిచారు. అదే సంవత్సరం నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్.టి.సి. బస్సును ఢీకొన్నది. 19 మంది చనిపోయారు. బస్సులోకి కంకర కుమ్మరించినట్లు పడి, సీట్లలో కూర్చున్నవాళ్లు దాని కింద కూరుకుపోయారు. ఢీకొన్న దెబ్బకు తోడు లోడు కూడా ప్రాణాలు తీసింది. ఆ ఫోటోలు పత్రికలో చూసి ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

దీని వెనుక ఉన్న సూత్రం పెద్ద చదువేమీ కాదు. బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం. లారీలో సరుకూ అంతే. బ్రేకు వేస్తే లారీ ఆగుతుంది గాని లోడు ఆగదు. "అంత బరువు ఎక్కడికి పోతుంది సార్" అంటారు లోడు ఎత్తేవాళ్లు. అదే పొరపాటు. బరువు ఎంత ఎక్కువైతే కదిలినప్పుడు దాన్ని ఆపడం అంత కష్టం. అమెరికా, ఐరోపా దేశాలలో ఒక లెక్క పెట్టుకున్నారు. లోడు ముందుకు జారకుండా దాని బరువులో పదింట ఎనిమిది వంతుల బలాన్నయినా కట్టు తట్టుకోవాలి. పక్కలకు జారకుండా సగం బరువును తట్టుకోవాలి. అంటే పది టన్నుల లోడుకు ముందువైపు ఎనిమిది టన్నులు, పక్కలకు ఐదు టన్నులు. ఒక్క నులక తాడు అడ్డంగా వేసి ముడి పెడితే అది ఎంతకు ఆగుతుందో మీరే ఆలోచించండి.

ఇనుము మీద ఇనుము సులభంగా జారుతుంది. వాన పడితే మరీనూ. గుండ్రటి డ్రమ్ములు, పైపులు పడుకోబెడితే దొర్లుతాయి, వాటికి రెండు వైపులా చెక్క గూటాలు కొట్టాలి. కంకర, ఇసుక పక్క చెక్కలకంటె ఎత్తుగా గుట్ట పోయగూడదు, పైన పట్టా కప్పాలి. రోడ్డు మీద రాలిన గుప్పెడు కంకర చాలు, స్కూటరు జారడానికి. వరిగడ్డి తేలికే గాని, ఎత్తుగా పేర్చిన లోడు ఔటర్ దిగుడు మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది, కరెంటు తీగలకు తగులుతుంది. ఇంకొకటి. బయలుదేరేటప్పుడు బిగించిన తాడు పది కిలోమీటర్లు పోయేటప్పటికి సరుకు సర్దుకుని వదులవుతుంది. దిగి మళ్లీ బిగించాలి. బిగించే డ్రైవర్లూ ఉన్నారు. వారికి నా నమస్కారం.

ఇక్కడిదాకా చెప్పి ఊరుకుంటే ఇదంతా డ్రైవర్ల తప్పే అని మీరు అనుకుని ఇంటికి పోతారు. అందుకని నా సొంత సంగతి ఒకటి చెప్పవలసి ఉంది. నలభై ఏళ్లు దాటినా దీన్ని నేను మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

1982లో నేను ఒక జిల్లా కేంద్రంలో స్టోర్సు గుమాస్తాను. శాఖ పేరు ఇప్పుడు అనవసరం. మార్చి నెలాఖరు. ఆ రోజులు ఎట్లా ఉండేవో మీకు చెప్పనక్కరలేదు. 31వ తేదీ లోపల సరుకు సైటుకు చేరాలి, బిల్లు కావాలి, లేకపోతే బడ్జెటు మురిగిపోతుంది. తారు డ్రమ్ములు పంపాలి. నిండు డ్రమ్ము బరువు ఒకటిన్నర క్వింటాలు పైమాటే. అద్దె లారీ వచ్చింది. హమాలీలు డ్రమ్ములు ఎక్కించారు. తాళ్లు మాత్రం లేవు.

ఎందుకు లేవంటే, కొత్త తాళ్లకు, చెక్క గూటాలకు పెట్టిన ఇండెంటు నా టేబులు మీదనే ఉంది. దానిపై నేను రాసిన నోటు నాకు ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది: "పాత తాళ్లు తిరిగి అప్పజెప్పిన పిదప పరిశీలించవచ్చును." ఆడిట్ వాళ్లు అంతకు ముందు ఏడాది తాళ్ల లెక్క అడిగారు. నేను జాగ్రత్తపడ్డాను. ఆ తాళ్ల ఖరీదు అంతా కలిపి వంద రూపాయలు కూడా కాదు.

డ్రైవరు నా దగ్గరకు వచ్చి, "సార్, వెనక వరుసకు కట్టు లేదు" అన్నాడు. గేట్ పాసు మీద సంతకం చేస్తూ, "పన్నెండు కిలోమీటర్లే గదా, మెల్లగా పో" అన్నాను.

అతను మెల్లగానే పోయాడు. ఊరు దాటిన తరువాత కల్వర్టు దగ్గర గుంటలో చక్రం పడి, ఒక డ్రమ్ము వెనక్కు దొర్లి కింద పడింది. వెనుక సైకిలు మీద కూరగాయల గంప కట్టుకుని వస్తున్న మనిషి కాలు మీద పడింది. మోకాలి దాకా తీసేయవలసి వచ్చింది. నాలుగో రోజున నేను ఆసుపత్రికి పోయాను. మంచం పక్కన ఆయన భార్య కూర్చుని ఉంది. నా ప్యాంటు, చొక్కా చూసి "మీరు డాక్టరా బాబూ" అని అడిగింది. కాదమ్మా అని చెప్పి వచ్చేశాను. అంతకుమించి మాట రాలేదు.

విచారణ జరిగింది. డ్రైవరు అజాగ్రత్త అని తేల్చారు. ఆ రిపోర్టు ఫెయిర్ కాపీ టైపు చేసింది నేనే. ఇండెంటు ఫైలు ఎవరూ అడగలేదు, నేను పెట్టలేదు. ఆ డ్రైవరుకు మళ్లీ మా స్టోర్సులో కిరాయి దొరకలేదు. నాకు మాత్రం సకాలంలో ప్రమోషన్ వచ్చింది.

కనుక మిత్రులారా, కట్టని లోడు వెనుక డ్రైవరు ఒక్కడే ఉండడు. తాడు ఖర్చు మిగుల్చుకునే యజమాని ఉంటాడు, తొందరపెట్టే సరుకుదారు ఉంటాడు, సంతకం పెట్టే నావంటి గుమాస్తా ఉంటాడు. చివరికి పోలీసు కాగితంలో పేరు మాత్రం డ్రైవరుదే ఉంటుంది.

చట్టం లేదా అంటే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 194వ సెక్షన్ చూడండి. 2019 సవరణ తరువాత కేంద్ర చట్టంలో అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు రాసి ఉంది. లోడు పక్కలకు, ముందుకు, వెనుకకు పొడుచుకు వచ్చినా, ఉండవలసిన ఎత్తు మించినా 20,000 జరిమానాయే. అదనపు సరుకు దించిన ఖర్చు కూడా వారే పెట్టుకోవాలి. వెనుక ఒక మీటరు దాకా సలాకలు పొడుచుకు రావచ్చునన్న పాత వెసులుబాటును, సుప్రీంకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం నడిచిన మీదట, 2014లో నియమాలనుంచి తీసివేశారు. సలాకల చివర ఎర్రగుడ్డ కట్టాం గదా అంటే చెల్లదు. రాత్రిపూట ఆ ఎర్రగుడ్డ ఎవరికి కనబడుతుంది?

ప్రమాదం జరిగిన తరువాత తెలిసి ఉండవలసినవి కూడా చెబుతాను, దయచేసి ఇంట్లో పిల్లలకు చెప్పండి. అంబులెన్సుకు 108, అత్యవసర సహాయానికి 112, జాతీయ రహదారి మీద అయితే 1033. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స చేయించే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో ప్రకటించింది. సరుకు మీద పడి లారీ ఆగకుండా పోయి, దాని ఆచూకీ దొరకకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు పరిహారం ఉంది. గాయపడిన వారికి సహాయం చేసినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టగూడదని కూడా చట్టంలో చేర్చారు. కనుక సాక్ష్యానికి తిరగవలసి వస్తుందేమోనని భయపడి పక్కకు తప్పుకోకండి.

మనం చేయగలిగినవి ఏమిటి? మొదటిది, దూరం. లోడు లారీ వెనుక స్కూటరు మీద గంటకు 40 కిలోమీటర్లు పోతుంటే సెకనుకు 11 మీటర్లు ముందుకు పోతున్నట్లు. మన వయసులో చూసి, తెలుసుకుని, బ్రేకు వేసేటప్పటికే ఒక సెకను దాటిపోతుంది. లారీ వెనుక పది మీటర్లలో ఉన్నామంటే, ఏదైనా జారిపడితే మనకు వ్యవధి లేనట్లే. వెనుకబడండి, దాన్ని పోనివ్వండి. మలుపులో లారీ పక్కన ఎప్పుడూ ఉండకండి. ఆగి ఉన్న లోడు లారీ నీడన నిలబడకండి.

రెండవది, మనమే సరుకుదారులమైనప్పుడు. పిల్లల ఇల్లు కట్టేటప్పుడు ఇనుము, ఇసుక తెప్పించేది మనమే. ఇల్లు మారేటప్పుడు డీసీఎం వ్యాను మాట్లాడేది మనమే. కిరాయి బేరమాడేటప్పుడే తాడు, పట్టా ఉన్నాయా అని అడగండి. బీరువా, ఫ్రిజ్ కట్టకుండా బండి కదలనివ్వకండి. సామాను మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టి "పట్టుకోరా" అనకండి.

మూడవది మనకు బాగా వచ్చిన పని, అర్జీ రాయడం. రోజూ ఒకే దారిలో కంకర రాలుస్తూ పోయే టిప్పర్లు మీకు తెలుసు. బండి నెంబరు, తేదీ, సమయం, స్థలం రాసుకోండి. పోలీసు స్టేషన్‌కు ఒక ప్రతి, రవాణా శాఖ కార్యాలయానికి ఒక ప్రతి ఇచ్చి, మూడోదాని మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి. ముప్పై ఏళ్లు ఇతరుల అర్జీల మీద నోట్లు రాశాం. ఇప్పుడు మన అర్జీ మనం రాద్దాం.

చివరగా ఒక్క మాట. పోయిన సంవత్సరం మా అబ్బాయి ఇంటి స్లాబుకు ఇనుము తేవడానికి నేనే షాపుకు పోయాను. చిన్న ట్రాలీలో సలాకలు వేశారు. చివరలు వెనక్కు వేలాడుతున్నాయి. డ్రైవరు చిన్నవాడు. "పెద్దాయనా, నాలుగు కిలోమీటర్లే గదా" అన్నాడు. ఆ మాట నేను ఎక్కడ విన్నానో మీకిప్పుడు తెలుసు. సలాకలు దింపించి, పెద్ద బండి మాట్లాడి, మూడు చోట్ల కట్టించేటప్పటికి మధ్యాహ్నం దాటింది, పన్నెండు వందలు ఎక్కువైంది. మేస్త్రీ విసుక్కున్నాడు, మా అబ్బాయి ముఖం మాడ్చుకున్నాడు. ఆ పన్నెండు వందలు నా పెన్షన్లో నుంచి నేనే ఇచ్చాను. ఆసుపత్రిలో ఆ తల్లి అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదని నాకు తెలుసు. కాని ఆ రోజు ఆ దారిన సైకిలు మీద పోయినవాళ్లు క్షేమంగా ఇళ్లకు చేరారు.

 భోజనాల తరువాత ఇళ్లకు పోయేటప్పుడు రోడ్డు జాగ్రత్తగా దాటండి. నమస్కారం.