నైపుణ్యమైతే జూదం కాదా?

 



గత వారం నమాజు అనంతరం మన నల్లమాడ యువకుడొకడు మమ్మల్ని ఇలా అడిగాడు: "హజ్రత్, పోకర్ టోర్నమెంట్లే వృత్తిగా బతికేవారున్నారు. అందులో గెలిపించేది లెక్క, జ్ఞాపకశక్తి. వానను నమ్ముకుని వేరుశనగ వేసే మా అబ్బాజాన్‌ది మాత్రం జూదం కాదా?" అతని అనుమతితోనే ఈ మాట చెబుతున్నాము. కసరి పంపదగిన ప్రశ్న కాదది.

నైపుణ్యం ఉందనే మాటను మేము కాదనము. 1967లో సుప్రీంకోర్టు సైతం రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగానే పరిగణించింది. ఆ కేసు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుది. దాని పేరు క్రెసెంట్, అనగా నెలవంక! ఆ పేరెక్కడ, ఆ ఆట ఎక్కడ!

అమెరికాలో స్టూ ఉంగర్ అనే ఆటగాడు ఉండేవాడు. జిన్ రమ్మీలో అతనితో తలపడేవారే కరువైనందున పోకర్‌కు మళ్లాడు. ఈ ఒక్క సంగతిని గమనించండి: ఓడేవాడు దొరకకపోతే ఆ నైపుణ్యానికి కూడు లేదు. 1980, 1981, 1997లలో అతడు ప్రపంచ పోకర్ ప్రధాన పోటీ గెలిచాడు. చివరిసారి బహుమానం 10 లక్షల డాలర్లు. అందులో సగం పెట్టుబడి పెట్టినవానికే పోయింది. మరుసటి ఏడాది నవంబరులో లాస్‌వేగాస్‌లోని ఒక చవక వసతిగదిలో 45 ఏళ్లకే శవమై కనిపించాడు. వద్ద మిగిలినవి సుమారు 800 డాలర్లు. అతని గుండెను చెడగొట్టినవి మాదకద్రవ్యాలు. ఆ నేరం పేకపై మోపము. అయితే అంతటి నేర్పరి చేతిలోనూ ఆ సొమ్ము నిలవలేదు.

2003లో అదే పోటీలో క్రిస్ మనీమేకర్ అనే గణకుడు గెలిచి 25 లక్షల డాలర్లు పొందాడు. 86 డాలర్ల ఆన్‌లైన్ ఆటతో అతనికి ప్రవేశం దక్కిందని లోకమంతా చెప్పుకుంది. ఆడినవారు 839 మంది, సొమ్ము దక్కినవారు 63 మంది. రిక్తహస్తాలతో వెళ్లిన 776 మంది కథ చెప్పేవారెవరు?

ఇక సేద్యం సంగతి. పొరుగు చేనుపై వాన కురిసినందువల్ల మన చేను ఎండదు. విత్తు మొలిస్తే నిన్నటి వరకు లేని కాయ పుడుతుంది. పంట పోయినా పశువులకు కట్టె మిగులుతుంది. పేకబల్లపై ఒక్క గింజైనా పుట్టదు. ఒకని జేబులోనిది మరొకని జేబులోకి, మధ్యలో ఆడించేవాని వాటా.

మాయిదా సూరా 90, 91 ఆయతులు జూదాన్ని షైతాను పనిగా నిషేధించాయి. అవి అదృష్టమా, నేర్పా అని వేరుచేయలేదు. జూదం వైరాన్ని రేపి, నమాజుకు దూరం చేస్తుందని తెలిపాయి. రాత్రంతా సెల్‌ఫోన్ ముందు కూర్చున్నవాని ఫజర్ ఏమవుతున్నదో అతనికే తెలుసు.

2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో నైపుణ్యమనే మినహాయింపునే తీసివేసింది.

జూదమాడుదాం రమ్మని స్నేహితుణ్ణి పిలిచినవాడు దానం చేయాలని ప్రవక్త (స) ఆదేశించినట్లు బుఖారీలో ఉంది. పిలుపుకే ఇంత ఉంటే ఆటకెంత? ఇప్పటికే ఆడి అప్పుల్లో మునిగినవారు అసర్ నమాజు తరువాత మా వద్దకు రండి. పేరు బయటికి రానివ్వము. అప్పు లెక్క రాసుకుని రండి, కూర్చుని దారి చూద్దాము.