ప్రక్క బల్ల వైపు ఒక చూపు



రేడియోలో పనిచేసేవారికి గడియారం కొత్త కాదు. ప్రసంగం ఎన్ని నిమిషాలో, పాట ఎన్ని సెకండ్లో లెక్క చూసుకుంటూ ఇరవై ఏళ్ళకు పైగా గడిపిన మేము, కాలం మా చెప్పుచేతల్లో ఉన్నదనే భ్రమలో ఉండేవారము. మొన్న ఒక శని, ఆదివారాలలో ఆ భ్రమ తొలగిపోయినది. విజయవాడలో జరిగిన ర్యాపిడ్ చదరంగం పోటీలలో పాల్గొన్నాము. శనివారం ఎవరికి వారు ఆడే పోటీ. ఆదివారం జట్ల పోటీ.

మన పెద్దలు అరుగుల మీద ఆడిన చదరంగానికి కాలపరిమితి లేదు. మధ్యాహ్న భోజనం తరువాత పరచిన పటం దీపాలవేళకు గాని ఎత్తేవారు కారు. ర్యాపిడ్ చదరంగం అట్లా కాదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఇందులో ఒక్కొక్క ఆటగానికి 10 నిమిషాలకు మించి, 60 నిమిషాలకు లోపుగా వ్యవధి ఉంటుంది. మాకు ఇచ్చినది 15 నిమిషాలు; వేసిన ప్రతి ఎత్తుకు 10 సెకండ్లు అదనం. ప్రపంచ ర్యాపిడ్ పోటీలలోనూ ఇదే కొలత. ఎత్తు వేసిన చేతితోనే గడియారం మీట నొక్కవలెను. ఎత్తులు కాగితం మీద వ్రాసుకోవలసిన పని లేదు. అందుచేత చేసిన తప్పుకు మన జ్ఞాపకం తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

శనివారం ఏడు ఆటలు. ఓడినవారు ఇంటికి పోనక్కరలేదు. సమానమైన పాయింట్లు గలవారిని ఏరి మళ్ళీ జతపరుస్తారు. నాలుగవ ఆటలో మా ఎదుట కూర్చున్నవానికి పన్నెండు, పదమూడేళ్ళుంటాయి. మాకొక ఏనుగు ఎక్కువ ఉన్నది. గెలుపు చేతిలోనే ఉన్నది గదా, ఆటకట్టు ఏదో చూడముచ్చటగా ఉండవలెనని ఆలోచిస్తూ కూర్చున్నాము. ఇంతలో మా గడియారం సున్నా చూపినది. ఆ అబ్బాయి చేయి కలిపి, “మీరు గెలిచిన ఆటే అంకుల్” అన్నాడు. సాయంకాలానికి ఏడింటికి మూడున్నర పాయింట్లు తెచ్చుకుని, భోజనాల వేళకు ఆ ఓటమిని మరచిపోయినాము.

అది మరవదగిన ఓటమే. వ్యక్తిగత పోటీలో పోయినదానిని తిరిగి సంపాదించుకోవడానికి మరొక ఆట ఉంటుంది. 2024 డిసెంబరులో న్యూయార్కులో జరిగిన మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీలో మన కోనేరు హంపి మొదటి ఆటనే ఓడిపోయినది. అయినా 11 ఆటలకు ఎనిమిదిన్నర పాయింట్లతో ప్రపంచ విజేత అయినది. 2019లో మాస్కోలో గెలిచిన బిరుదును ఆమె ఈ విధంగా రెండవసారి అందుకున్నది.

ఆదివారం సంగతి వేరు. జట్టుకు నలుగురు, నాలుగు బల్లలు. మూడవ బల్ల మాది. గెలిచిన జట్టుకు రెండు పాయింట్లు, సమానమైతే చెరి ఒకటి. జట్టు నాయకుడు ఆటగానితో డ్రాకు ఒప్పుకొమ్మని చెప్పవచ్చును గాని, బల్ల మీది స్థితిని గురించి ఒక్క మాటయినా చెప్పరాదు.

చివరి పోటీలో మా నాయకులు మొదటి బల్ల మీద ఓడిపోయినారు. రెండవ బల్ల గెలిచినది. నాలుగవ బల్ల మీద మా యువ అనౌన్సరు చివరి సెకండ్లలో ఎంతో కష్టపడి గెలిచినది. మా ఆట మిగిలినది. మాకొక బంటు ఎక్కువ, చెరొక ఏనుగు. ఎదుటి కాలేజీ విద్యార్థి డ్రా ప్రతిపాదించినాడు. తల త్రిప్పి ప్రక్క బల్లలు చూసి ఉంటే, ఆ అర పాయింటుతో పోటీ మాదేనని తెలిసేది. మా నాయకులు రెండడుగుల దూరంలోనే నిలుచుని ఉన్నారు. ఆయన వైపైనా చూడలేదు. నిన్నటి ఓటమికి నేడు బదులు తీర్చుకోవలెననే పట్టుదల మాది. ఆడినాము. తొందరలో మా రాజును, ఏనుగును ఒకే వరుసలో నిలిపినాము. అతని ఏనుగు షా చెప్పినది. రాజు తొలగినది, వెనుకనున్న మా ఏనుగు పోయినది.

పోటీ రెండు, రెండుగా ముగిసినది. పోయిన ఆ ఒక్క పాయింటుతో మూడవ స్థానం కూడా పోయినది. మా నాయకులు ఏమీ అనలేదు; కాయలు పెట్టెలో సర్దుతున్నారు. ఆ అమ్మాయి మాత్రం మెల్లగా, “డ్రాకు ఒప్పుకుంటే మనం గెలిచేవాళ్ళం కదండీ?” అని అడిగినది. “అవునమ్మా” అన్నాము. ఆ రాత్రి భోజనం రుచించలేదు.

2024 సెప్టెంబరులో బుడాపెస్టు ఒలింపియాడులో భారతదేశపు పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ స్వర్ణం గెలిచినవి. అక్కడ కూడా నాలుగేసి బల్లలే. మన వరంగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి మూడవ బల్ల మీద 11 ఆటలకు 10 పాయింట్లు తెచ్చినాడు. ద్రోణవల్లి హారిక మహిళల జట్టులో మొదటి బల్ల మీద ఆడినది. ఎవరి బల్ల మీద ఎన్ని పాయింట్లు వచ్చినా, జట్టు స్వర్ణం అందరి మెడలోనూ ఒక్కటే.

మూడవ బల్ల మాకూ దొరికినది. ఆడడం కొంత తెలుసును, ఆపడం తెలియలేదు. ఇంట్లో గాని, ఆఫీసులో గాని, నలుగురితో కలిసి పని చేసే చోట మన ఎత్తు వేసే ముందు ప్రక్క బల్ల వైపు ఒక చూపు చూడవలెను. దానికి పట్టేది రెండు సెకండ్లు. మా గడియారంలో ఆనాడు ఒక నిమిషానికి పైగానే మిగిలి ఉన్నది.

సెలవు.