అంబాసిడర్ తలుపు కింద పొక్కులు: పుట్టీతో మూసేద్దామా, రేకు కోసేద్దామా?

విస్సన్నపేట షెడ్డు నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య మీలో చాలామంది పాత కార్ల ఫోటోలు పంపి ఒకటే అడుగుతున్నారు: "అన్నా, పెయింట్ మీద చిన్న పొక్కులొచ్చాయి, గీకి రంగేస్తే సరిపోతుందా?" ఒక్క మాటలో చెప్పాలంటే, సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికి నా వెనకాల ఉన్న ఈ కారు చూపిస్తాను.

ఇది 1974లో తయారైన అంబాసిడర్, మార్క్ టూ. ఈ ఊరి మామిడి రైతుది. నేను ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాను, ఇక్కడా అలాగే చెప్తాను. బయటికి చూస్తే పెద్దగా ఏం లేదు. కుడివైపు తలుపుల కింద నాలుగైదు పొక్కులు, ఒక్కోటి రూపాయి బిళ్ల సైజు. స్క్రూడ్రైవర్‌తో ఒకదాని మీద మెల్లగా నొక్కితే, అది పిడి దాకా లోపలికి దిగిపోయింది.

అంటే ఏంటంటే, తుప్పు ఆ పొక్కు దగ్గర మొదలవలేదు. లోపల ఎప్పుడో మొదలై అక్కడికొచ్చి తేలింది. గాలిలో ఉండే ఆక్సిజన్, నీటి తడి, రెండూ కలిసి తగిలితేనే ఇనుము తుప్పు పడుతుంది. అల్యూమినియం మీద కూడా గాలికి ఒక పొర కడుతుంది కానీ అది గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పుకి ఆ గుణం లేదు. గుల్లగా ఉంటుంది, పెచ్చులూడుతుంది, తడిని పట్టుకుని కూర్చుంటుంది. పైగా తను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింట్‌ని కింద నుంచి పైకి లేపుతుంది. మీకు పొక్కు కనపడేసరికి రేకు అటువైపు సగం పోయి ఉంటుంది.

"మనకి సముద్రం దగ్గర్లో లేదు కదన్నా, బందరు, వైజాగ్ కార్లకి పట్టినట్టు మనకెందుకు పడుతుంది?" అని అడుగుతారు. ఉప్పుగాలి లేదు, నిజమే. కానీ మన మామిడి తోట కూడా తక్కువేం కాదు.

ఈ కారు పన్నెండేళ్లు చిన్నరసం చెట్టు కింద నిలబడింది. పూత టైములో తేనెమంచు పురుగు పడుతుంది కదా, అది వదిలే జిగురు సన్న జల్లులా కారు మీద రాలుతుంది. తోటలో తిరిగిన వాళ్లకి తెలుసు, చొక్కా కూడా అంటుకుపోతుంది. ఆ జిగురు మీద దుమ్ము, మసి పడతాయి. ఆకులు రాలి డిక్కీ మూత చుట్టూ ఉండే కాలవలో, అద్దాల రబ్బరు అంచుల్లో ఇరుక్కుంటాయి. వాన పడితే ఆ ఆకులు స్పాంజిలాగా తడిని పట్టుకుంటాయి. పైన ఎండినా కింద ఎండదు. ఇక మన ఎర్రమట్టి చక్రాల పైన మడ్‌గార్డు లోపలికి ఎగిరి, మూలల్లో పేరుకుని, అదే పని చేస్తుంది.

తలుపుల సంగతి మీలో చాలామందికి తెలియదు. అద్దం పక్క నుంచి ప్రతి కారు తలుపులోకీ వాన నీళ్లు దిగుతాయి. అది లోపం కాదు, కారు తయారీయే అలా ఉంటుంది. ఆ నీళ్లు పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలు పెడతారు. మట్టీ ఆకులూ చేరి ఆ రంధ్రాలు మూసుకుపోతే తలుపు బకెట్ అవుతుంది. మీ ఇంట్లో ఏ కారున్నా, కొత్తదైనా సరే, ఇవాళే ఒక అగ్గిపుల్లతో ఆ రంధ్రాలు పొడిచి చూడండి. దీనికి మెకానిక్ అక్కర్లేదు.

అన్నిటికంటే దారుణం డిక్కీలో జరిగింది. "బాబాయ్, ఇందులో ఏం మోసేవాడివి?" అంటే "కాయలే కదరా" అన్నాడు. కార్పెట్ ఎత్తితే అడుగు రేకు అప్పడంలా విరుగుతోంది. మూలలో తెల్లగా, ఎర్రగా గడ్డకట్టిన ముక్కలున్నాయి. పొటాష్! ఎరువుల బస్తాలు కూడా అందులోనే తెచ్చేవాడు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, మన వంట ఉప్పుకి దగ్గరి చుట్టం. అది గాలిలో తడిని లాక్కుంటుంది, అందులోని క్లోరైడ్ తుప్పుని తొందర చేస్తుంది. సముద్రం ఇక్కడికి రాలేదు కానీ సముద్రం చేసే పని బస్తాలో వచ్చింది.

సరే, పొక్కుల దగ్గరికొద్దాం. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా పెట్టెలాంటి భాగం ఉంటుంది. మేం సిల్ అంటాం. పొక్కులొచ్చింది దాని మీదే. గీకితే మొదట రంగు, తర్వాత పుట్టీ, ఆ కింద దినపత్రిక ముక్కలు, గోనె గుడ్డ! ఎప్పుడో, ఎక్కడో ఒకరు కన్నంలో పేపరు కుక్కి, పైన వేలి మందాన పుట్టీ పామి, నున్నగా రంగేసి ఇచ్చారు. పుట్టీ కింద తడి చేరితే బయటికి దారి లేదు. తుప్పుకి ఇల్లు కట్టి ఇచ్చినట్టే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పాత జీపుకి కింద విడిగా చాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. అంబాసిడర్‌కి అలా లేదు. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ డిజైన్‌ని తీసుకుని హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా చేసిన కారు ఇది. బాడీయే దీనికి అస్థిపంజరం. అందులో సిల్ అంటే వెన్నెముక లాంటిది. అది పోతే కారు నడుం దగ్గర వంగుతుంది.

బాబాయ్‌ని అడిగాను. "తలుపు వేసేటప్పుడు కొంచెం పైకెత్తి వేయాల్సి వస్తోందా?"

"ఏళ్ల నుంచీ అంతే. దానికి అదో అలవాటు."

"అది అలవాటు కాదు బాబాయ్, కారు నడుం జారుతోంది."

పెళ్లికి టైం లేదన్నాడు. జ్యేష్ఠంలో మనవరాలి పెళ్లి, పెళ్లికూతుర్ని ఇందులోనే తీసుకెళ్లాలని ఆయన కోరిక. నాలుగు రోజుల్లో పుట్టీ పెట్టి రంగేసే వాళ్లు దొరుకుతారు, నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. "ఎంతమంది ఎక్కుతారు?" అన్నాను. ఆరుగురన్నాడు. నేను చెయ్యనన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ అమ్మాయే షెడ్డుకొచ్చింది, స్క్రూడ్రైవర్ దిగిన కన్నం తనే చూసింది. ఇంటికెళ్లి ఏం చెప్పిందో గానీ, సాయంత్రం బాబాయ్ ఫోన్ చేసి "కోసెయ్ రా" అన్నాడు. పెళ్లికి వేరే కారు మాట్లాడుకున్నారు.

ఇప్పుడు పని. నేను టింకరింగ్ నేర్చుకుంది విజయవాడ ఆటోనగర్‌లో. అక్కడ మా మేస్త్రి మొదట నేర్పింది సుత్తి పట్టడం కాదు, కోసే ముందు కారుని నిలబెట్టడం. సిల్ కోశాక బరువు ఎటు పోతుంది? అందుకని కింద నాలుగు చోట్ల గట్టి స్టాండ్లు పెట్టి, తలుపులు మూసి, చుట్టూ సందు సమంగా ఉందో లేదో చూస్తాం. జాకీతో సరిచేస్తాం. సందు సమమయ్యాక తలుపు తీసి, ఆ ఖాళీలో అడ్డంగా ఒక ఇనుప పైపు వెల్డ్ చేసి బిగిస్తాం. పని అయ్యాక దాన్ని కోసేస్తాం. ఇది చెయ్యకుండా సిల్ మొత్తం ఒక్కసారి కోసేస్తే, వంగిన కారుకే కొత్త సిల్ అతికిస్తారు. తర్వాత ఆ తలుపు జన్మలో సరిగ్గా పడదు.

ఎంత దాకా కోయాలి? మెరిసే ఇనుము కనపడే దాకా. నల్లగా, గుంటలు గుంటలుగా ఉన్న రేకు మీద వెల్డింగ్ పట్టదు, కాలి కన్నం పెద్దదవుతుంది. ముందు అట్ట ముక్కతో కొలత తీసుకుని, దాని ప్రకారం రేకు కత్తిరించుకోవాలి. నేను సిల్‌కి 18 గేజ్ రేకు వాడాను, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు. పై రేకులకి 20 గేజ్. తుప్పు పట్టదని జీఐ రేకు తెచ్చే వాళ్లుంటారు. దాని మీది జింకు పూత వెల్డింగ్ వేడికి పొగవుతుంది, అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. అతికే చోట పూత పూర్తిగా గీకకుండా ఆ పని చెయ్యొద్దు.

వెల్డింగ్ ఒక చివర మొదలెట్టి గీతలా లాక్కుంటూ పోకూడదు. పల్చటి రేకు వేడికి సాగి అలలు తిరుగుతుంది. ఇక్కడొక చుక్క, దూరంగా అక్కడొక చుక్క, మధ్యలో ఒకటి, చల్లారనిచ్చి మళ్లీ. ఓపిక పని. మిగ్ వెల్డింగ్‌లో వేడి తక్కువ చోట పడుతుంది కాబట్టి కుర్రాళ్లకి అదే తేలిక. మా మేస్త్రి మాత్రం గ్యాస్‌తో అతికి, ఎర్రగా ఉండగానే వెనక డాలీ పట్టి సుత్తితో కొట్టి చదును చేసేవాడు. అతుకు ఎక్కడుందో చేత్తో తడిమినా తెలిసేది కాదు. ఆయన పని మీద పుట్టీ కాగితం మందం కూడా పట్టేది కాదు. నాకు ఇంకా అంత చెయ్యి రాలేదు.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ విప్పెయ్యండి, పెట్రోల్ ట్యాంకు దించి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు, నిండు ట్యాంకుకంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా గ్రైండర్ పెట్టి ఆ దుమ్ము పీల్చొద్దు. తడిపి ఉప్పు కాగితంతో రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, ఆ బట్టలతో ఇంట్లో పిల్లల్ని ఎత్తుకోవద్దు.

బోల్టులు, తలుపు కీళ్లు లాంటి చిన్న సామాన్లకి ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఒకటుంది. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు పోసి బట్టల సోడా కలపండి, నాలుగు లీటర్లకి ఒక పెద్ద చెంచా. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ తీసుకుని మైనస్ తుప్పు సామానుకి, ప్లస్ ఒక పాత ఇనుప ముక్కకి కలపాలి. రెండూ తగలకూడదు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి బురదలా ఊడొస్తుంది. వంట ఉప్పు వెయ్యొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ప్లస్ వైపు స్టీలు గరిటె పెట్టొద్దు, అందులోని క్రోమియం విషమవుతుంది. లేచే బుడగలు హైడ్రోజన్, కాబట్టి బయట గాలిలోనే, దగ్గర్లో బీడీ కూడా లేకుండా చెయ్యండి. చింతపండు పులుసూ పనిచేస్తుంది గానీ, తర్వాత సోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టకపోతే గంటలో మళ్లీ ఎర్రబడుతుంది.

షాపులో అమ్మే రస్ట్ కన్వర్టర్ సంగతి కూడా అడిగారు. అందులో చాలావాటిల్లో ఉండేది ఫాస్ఫారిక్ యాసిడ్. అది తుప్పుని ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కనున్న ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా నిలబడిందంటే ఇలాంటి పొర వల్లే. దాని ఇనుములో భాస్వరం ఎక్కువని, దాంతో పైన ఫాస్ఫేట్ పొర కట్టిందని ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రమణ్యం గారు వివరించారు. కానీ ఆ స్తంభం గట్టి దిమ్మె, మనది మిల్లీమీటరు రేకు. పైపై తుప్పుకి కన్వర్టర్ పనికొస్తుంది, కన్నానికి కాదు.

పుట్టీ అంటే నాకు పగేం లేదు. శుభ్రమైన రేకు మీద, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు, సుత్తికి అందని చిన్న ఎత్తుపల్లాలకి అది కావాల్సిందే. పాత కారు కొనేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల కింద, మడ్‌గార్డు అంచుల్లో పెట్టి చూడండి. పట్టలేదంటే కింద రేకు లేదు, లేదా చాలా లోతున ఉంది. ఫోన్‌లో ఫోటో చూసి, మెరుపు చూసి అడ్వాన్స్ పంపేవాళ్ల కోసం చెప్తున్నాను. ఇంకోటి, ప్రైమర్ వేసి కారుని నెలలు నెలలు వానలో వదిలెయ్యొద్దు. మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ తడిని పూర్తిగా ఆపదు. నేను ఎపాక్సీ ప్రైమర్ వేశాను. రంగు అయ్యాక సిల్ లోపలికి రంధ్రాల్లోంచి మైనం స్ప్రే కొడతాం, నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం వదిలేస్తాం.

చివరగా వింటేజ్ నంబరు గురించి. 2021లో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటిన కార్లు, బైకులు వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి, బాడీ, చాసిస్, ఇంజిన్ మార్చేసి ఉండకూడదు. కాబట్టి తుప్పు పోయిందని చక్రాల అంచులు వెడల్పు చెయ్యడం, కొత్త బంపర్లు అతికించడం లాంటి సరదాలు పెట్టుకోవద్దు. కోసిన ముక్క ఏ ఆకారంలో ఉందో కొత్తదీ అదే ఆకారంలో ఉండాలి. అందుకే పాత సిల్ ముక్కల్ని నేను పారెయ్యలేదు, అదిగో ఆ గోడకి వేలాడుతున్నాయి. ఇంకో షరతు, వింటేజ్ బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ రిపేరుకీ తీసుకెళ్లొచ్చు, అంతే. బాబాయ్‌కి రోజూ తోటకెళ్లాలి, అందుకే ఆయన మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకుంటానన్నాడు.

కుడివైపు అయిపోయింది, ఇప్పుడు తలుపు ఒక్క వేలితో తోస్తే పడుతోంది. వినండి, ఇదీ ఆ చప్పుడు. ఎడమవైపు ఇంకా తెరవలేదు. పైకి ఒక్క పొక్కు కూడా లేదు, కానీ అయస్కాంతం రెండు చోట్ల జారిపోయింది. వచ్చే ఎపిసోడ్‌లో కోసి చూద్దాం.