అక్షరాలకు జల్లెడ

పిండి కావలసిన ఇల్లాలు బియ్యాన్ని చేటతో చెరుగుతుంది, తిరగలిలో విసురుతుంది, జల్లెడ పడుతుంది. ఈ మూడు పనులూ చేసే పనిముట్టు ఒక్కటే కావాలని కోరదు. ఒకదాని నుండి వెలువడినది మరొకదానిలోనికి పోతే చాలును. యూనిక్స్ అనే కంప్యూటరు వ్యవస్థ నిర్మాతలు అవలంబించిన పద్ధతి ఇదియే.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దీనిని ఆరంభించినారు. ఒక సాధనం ఇచ్చిన ఫలితాన్ని నేరుగా మరొకదానికి అందించే ‘పైపు’ డగ్లస్ మెకిల్‌రాయ్ ప్రేరణతో 1973లో చేరినది. 1977లో పుట్టిన ‘ఆక్’ అనే సాధనానికి ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ అనే మువ్వురు కర్తల పేర్లలోని తొలి ఇంగ్లీషు అక్షరాలే పేరయినవి.

పాత ధ్వనిముద్రణల పట్టికను మార్చవలసి వచ్చినపుడు మాకు వీటితో పని పడినది. ఒక్కొక్క పంక్తిలో వక్త పేరు, ప్రసంగం పేరు, తేదీ కామాలతో వేరుచేసి ఉన్నవి. కొత్త పట్టికలో కామాలకు బదులు ట్యాబులు ఉండవలెను. తేదీలో సంవత్సరం ముందు రావలెను. ఆక్ పంక్తి వెంట పంక్తి చదివి, కామా కనబడిన చోటనెల్లా విడదీసి, కోరిన వరుసలో పేర్చినది. ‘డబ్ల్యు సి’ అనే సాధనంతో రెండు పట్టికల పంక్తులనూ లెక్కించినాము. సరిపోయినవి. సంతోషించినాము.

కొన్నాళ్ళకు ఒక వృద్ధురాలు వచ్చి, తేదీ చెప్పి, తన తండ్రిగారి ప్రసంగం ఒక్కసారి వినిపించుమని కోరినారు. ఆ తేదీన కొత్త పట్టికలో ఏమియు లేదు. పాతదానిలో ఉన్నది. ఆయన పేరు పక్కన కామా పెట్టి ‘ఎం.ఏ.’ అని వ్రాసినారు! యంత్రం పట్టాను ప్రసంగమనీ, ప్రసంగాన్ని తేదీ అనీ గ్రహించినది. తప్పు యంత్రానిది కాదు. పంక్తుల లెక్క చూచి భాగాల లెక్క చూడని మాది.

పంక్తిలో ఎన్ని భాగాలున్నవో ఆక్ ‘ఎన్ ఎఫ్’ అనే గుర్తుతో చెప్పగలదు. మూడు భాగాలు కాని పంక్తులన్నింటినీ వేరుగా తీయించి, ఒక్కొక్కటే చదివి చేతితో దిద్దినాము. పట్టాలే కాదు, కామాలున్న ప్రసంగాల పేర్లు కూడ అందులో బయటపడినవి.

కనుక ఇటువంటి పని చేయువారికి మేము చెప్పదగినవి రెండే మాటలు. మూలాన్ని చెరపరాదు. జల్లెడలో మిగిలినదానిని చూడక పారవేయరాదు.

ఆ సాయంకాలం ఆమె తండ్రిగారి కంఠం విన్నారు. తేదీ ఆమె చెప్పినదే.