వెనిల్లా కాయకీ 9 నెలలే

కొబ్బరితోటలో వెనిల్లా వేస్తాం, లింకేజీ అప్పు ఇప్పించమని మన గ్రూపుల్లో ముగ్గురు అడిగారు. కేరళ ఎక్స్‌పోజర్ విజిట్‌లో నేను చూసింది చెబుతాను.

వెనిల్లా ఆర్కిడ్ జాతి తీగ. నాటాక పూత రావడానికే సుమారు 3 ఏళ్లు. పువ్వు పొద్దున విచ్చి ఆ రోజే వాడిపోతుంది. ఆలోపు ఒక్కోదానికీ సన్నపుల్లతో మనమే పరాగసంపర్కం చెయ్యాలి. ఈ పద్ధతి 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అనే 12 ఏళ్ల బానిస పిల్లాడు కనిపెట్టాడట. లాభం ఊరందరిదీ, అతను మాత్రం బీదరికంలోనే పోయాడు.

అసలు చిక్కు కాయ దగ్గరుంది. రెండు నెలలకే జానెడు పెరిగి నిండుగా కనబడుతుంది, కోసేద్దామనిపిస్తుంది. కానీ పండడానికి 9 నెలలు, కడుపుతో ఉన్న మనిషి లెక్కే. కొన పసుపు తిరిగాకే కోయాలి. ముందే కోస్తే వాసన సరిగా రాదు, బూజు పడుతుంది. కోశాక కూడా వేడినీళ్లలో ముంచి, ఎండబెట్టి, నెలల తరబడి మాగబెట్టాలి.

మన కిస్తీ వచ్చే నెల నుంచే కట్టాలి కదా! అందుకే సొంత డబ్బుతో పది తీగలు వేసి చూడండి, అప్పు మాత్రం గేదెలకి తీసుకోండి అన్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకామె ఇంకా నా మీద అలిగే ఉంది.