చేపల తొట్టి లైటు: కొనేటప్పుడు, వాడేటప్పుడు
(దిండిలో పేషెంట్ల కుటుంబ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



దిండి వారికి నీళ్ళ గురించి నేను చెప్పనక్కరలేదు. ఒక ప్రక్క వశిష్ఠ గోదావరి, చుట్టూ చెరువులు. రొయ్యల చెరువులో ఏరియేటరు ఆగితే, మెయిన్ తీసి గాని చెయ్యి పెట్టవద్దని పనివాళ్ళకు మీరే చెబుతారు. అదే ఇంట్లో చేపల తొట్టి దగ్గరకు వచ్చేసరికి ఆ మాట గుర్తుండదు. ఇక్కడి నుండి ఇంటికి వెళ్ళిన పెద్దాయన పొద్దుపోక ఆ తొట్టి ప్రక్కనే కూర్చుంటారు. మనవడు మేత వేస్తూ నీళ్ళలో చెయ్యి పెడతాడు. పైన లైటు వెలుగుతూనే ఉంటుంది.

"మా లైటు 12 వోల్టులేనండి" అంటారు. నిజమే, కాని గోడ ప్లగ్గులో ఉన్నది 230. మధ్యలో అడాప్టరు నాసిరకందై లోపల ఇన్సులేషన్ చెడితే ఆ 230 నేరుగా తొట్టిలోకి వస్తుంది. 9 వాట్ల బల్బు వెలగడానికి 40 మిల్లీ ఆంపియర్లు చాలు. అంత కరెంటు ఒంట్లో నుండి కొన్ని సెకన్లు పోతే గుండె లయ తప్పవచ్చు. తడి చేతికి కరెంటు మరీ సులభంగా ఎక్కుతుంది.

అందుచేత అట్టపెట్టె మీది బొమ్మ చూసి కొనకండి. అడాప్టరును తిప్పి చూడండి. బి.ఐ.ఎస్. గుర్తు, ఐ.ఎస్. నంబరు, 'ఆర్' అక్షరంతో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును సెల్‌ఫోనులో 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో కొట్టి చూస్తే ఏ కంపెనీదో తెలుస్తుంది. పేరు కలవకపోతే వద్దనండి. 'సి.ఇ.' అన్న అక్షరాలు చూసి మోసపోవద్దు, ఇలాంటి సామానులో అది చాలావరకు తయారీదారు తనకు తాను చెప్పుకునే మాట. చేపల తొట్టి లైట్లకని ఐ.ఇ.సి. 60598-2-11 అనే ప్రత్యేక అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. దుకాణంలో అడిగితే నవ్వుతారేమో, అయినా అడగండి.

గుర్తు ఉన్న లైటైనా ఉప్పుగాలికి, తేమకు పాడవుతుంది. ఎం.సి.బి. ఉంది కదా అని ధైర్యపడకండి. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి (మన ఎలక్ట్రీషియన్లు ఇ.ఎల్.సి.బి. అనే అంటారు). నెలకొకసారి దాని టెస్ట్ బటన్ నొక్కండి. వైరు ప్లగ్గుకంటె క్రిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా ఉంచితే, దాని వెంట జారిన నీరు ప్లగ్గులోకి పోదు. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు లైటు, హీటరు, మోటారు అన్నీ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

ఎవరికైనా షాక్ కొడితే పట్టుకొని లాగవద్దు. ముందు మెయిన్ ఆపండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, ఇంకొకరు 108కి ఫోను చేయాలి. స్పృహ తప్పినా, గుండె దడగా ఉన్నా, తరువాత లేచి మామూలుగా మాట్లాడుతున్నా సరే, ఇ.సి.జి. తీయించడానికి ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.